కొత్త గీజరు కొనేముందు

అమ్మలూ, ఈ ధనుర్మాసం చలిలో రెండో మనిషి స్నానానికి వెళ్లేసరికే గీజరులోంచి చన్నీళ్లు వస్తున్నాయనీ, కొత్తది కొనేస్తారనీ మీ అమ్మ చెప్పింది. కొనడానికేం, విజయనగరం గంటస్తంభం దాకా వెళ్తే సాయంత్రానికి ఇంటికొస్తుంది. ముందు బకెట్ల లెక్క చూడు.

మీది 15 లీటర్లది. 60 డిగ్రీలకు కాగిన నీళ్లలో చన్నీళ్లు కలిపి ఒంటికి ఓర్చేలా చేస్తే మహా అయితే 30 లీటర్లు, అంటే బకెట్టున్నర. షవరు తిప్పారా, నాలుగు నిమిషాల్లో హారతి కర్పూరమే. 2000 వాట్ల కాయిల్ మళ్లీ అన్ని నీళ్లు కాచాలంటే ఇరవై నిమిషాలు పడుతుంది. అంతసేపు ఆగే ఓపిక మీ ఇంట్లో ఎవరికుంది?

మొదట్నుంచీ ఇంతేనా, ఈమధ్యే మొదలైందా? మొదట్నుంచీ ఇంతేనంటే పైపులు తారుమారుగా బిగించారేమో చూడు. నీలం గుర్తు దగ్గర చన్నీళ్లు లోపలికి, ఎరుపు దగ్గర వేడినీళ్లు బయటికి రావాలి.

ఈమధ్యే అయితే గడియారం పట్టుకుని నిలబడు. ఎర్రలైటు ఐదు నిమిషాలకే ఆరిపోయి నీళ్లు గోరువెచ్చగా ఉంటే తప్పు థర్మోస్టాట్‌ది. అరగంట దాటినా ఆరకపోతే ఓల్టేజీ చూపించు. 230 ఉండాల్సింది 180కి పడిందంటే, ఆ 2000 వాట్ల కాయిల్ 1200 వాట్ల పనే చేస్తుంది. మీవి బోరు నీళ్లు కూడానాయె. కాయిల్‌కి సున్నం గార పట్టి ఉంటుంది, మెకానిక్కు చేత గీకించండి.

అమెరికా నుంచి మీ అన్నయ్య ‘కింది కాయిల్ పోయుంటుంది’ అన్నాడట. అక్కడి ట్యాంకులు నూట యాభై లీటర్ల పైమాటే. పైనొకటి, కిందొకటి రెండు కాయిళ్లుంటాయి. కిందిది పోతే పైనున్న కాసిన్ని నీళ్లే కాగుతాయి. మన గోడ గీజరుకున్నది సాధారణంగా ఒక్కటే. అది పోతే చుక్క కూడా కాగదు.

అల్లుడుగారికి స్క్రూడ్రైవరంటే మహా సరదా. మూత విప్పనివ్వకు. అది కరెంటమ్మా!

భోగినాటికి చుట్టాలంతా దిగాక ఏ గీజరూ చాలదు. అటక మీది బుడితి గంగాళం దించి పెరట్లో పొయ్యి రాజేయించు. అప్పటికీ కొనాల్సిందేనంటే 25 లీటర్లది తీసుకో. దాని స్టార్ల చీటీ మీద రోజుకెంత కరెంటు ఊరికే పోతుందో రాసుంటుంది. అది చదివాకే డబ్బులియ్యి.