ఏ శాస్త్రము ముందు?

బిడ్డకు ఇంటియొద్దనే చదువు చెప్పు తలిదండ్రులకు ఒక సందేహము కలుగుచున్నది: భౌతికశాస్త్రము ముందా, జీవశాస్త్రము ముందా? ఆదికాండము 1వ అధ్యాయములో వెలుగు మొదటిది, జీవులు తరువాతివి. గనుక భౌతికమే ముందని కొందరందురు. అది సృష్టి క్రమమే గాని నేర్చుకొను క్రమము కాదని మేము తలంచుచున్నాము. ఆదాము మొదట జంతువులకును పక్షులకును పేరులు పెట్టెను (2:19).

కొల్లేటి బిడ్డ గూడబాతును ఎరుగును, మన జంగారెడ్డిగూడెపు బిడ్డ పొగాకు మొక్కను ఎరుగును. ఆకుతో మొదలుపెట్టుడి. బ్యారన్‌లో ఇనుప గొట్టముల వేడికి ఆ పచ్చని ఆకే పసుపు వర్ణమగుట చూపుడి. భౌతిక, రసాయన శాస్త్రములు అక్కడనే యున్నవి. ఆకు నెరుగని పసివానిచేత సూత్రములు వల్లెవేయించుట ఎవరి మేలుకొరకు? వాని కొరకా, ఇంజనీరు తండ్రి అనిపించుకొనుటకా?

అయితే అయస్కాంతముతో ఆడుకొను బిడ్డను ఆపి, పువ్వునే చూడుమని గద్దింపకుడి.