ఆర్తప్రాణి - గృహస్థధర్మము

రావణునితో పోరి రెక్కలు తెగి పడియున్న జటాయువును చూచి శ్రీరామచంద్రుడు "లే, పక్షీ!" అని పలికెననియు, ఆ పలుకే మా ఊరికి లేపాక్షి యను పేరైనదనియు స్థలపురాణము. 16వ శతాబ్దిలో అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయమును, ఏకశిలానందిని దర్శింపవచ్చు యాత్రికులందరు ఈ కథను వినియే పోవుదురు. అట్టి ఊరిలో నివసించు నాకు గత వేసవిలో ఒక ధర్మసందేహము కలిగినది.

మా యింట మోతి యను కుక్క కలదు. మిక్కిలి చురుకైనది. ఆరవేసిన పంచెలు లాగుకొనిపోవును. వేరుసెనగ చేనిలో జొచ్చిన అడవిపందులను తరిమినగాని మరలదు. మడి కట్టుకొన్న మా తల్లిగారు దూరమునుండి వేయు సంకటిముద్దకై ప్రతిదినము గడపవద్ద కాచియుండును.

అట్టిది ఒకనాడు ముద్ద ముట్టలేదు. చిగుళ్లు తెల్లబారినవి, ముక్కునుండి రక్తము కారినది. హిందూపురమున పశువైద్యుడు పరీక్షించి, అది పిడుదులు కుట్టుటవలన వచ్చిన జ్వరమనియు, 28 దినములు మందు తప్పరాదనియు చెప్పెను. ఆ వారమే మేము తిరుమలయాత్రకు బయలుదేరవలసియుండెను. "కుక్క కోసం స్వామి దర్శనం మానుకుంటావా, నాయనా?" అని మేనత్తగారు అడిగిరి. యాత్ర మానితిని గాని, ఆ ప్రశ్న నన్ను విడువలేదు. మా తల్లిగారు మాత్రము ఏమియు అనక, పూట పూటకు మడి విడిచి దాని నోరు తెరచి మాత్ర వేసి, మరల స్నానము చేసి పూజకు కూర్చుండెడివారు.

మహాప్రస్థానికపర్వమున ధర్మరాజు, తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గరథము నెక్కనొల్లడు. భాగవత పంచమస్కంధమున భరతుడు, ఏటిలో పడిన లేడిపిల్లను కాపాడి, దానియందలి మమకారముచే నియమములు మరచి, తుదకు లేడియై పుట్టెను. ఒకరు విడువకపోవుటచే తరించిరి; మరొకరు విడువలేక బంధింపబడిరి. ఏది మనకు మార్గము?

మోతి కోలుకొనిన పిమ్మట నాకు సమాధానము దొరకినది. దాని జ్వరము తగ్గినను నా భయము తగ్గలేదు. పూజలో కూర్చున్నను చెవులు వాకిటనే యుండెడివి. అప్పుడు తెలిసినది: లేడిపిల్లను ఏటినుండి తీయుట భరతుని దోషము కాదు, అది దయ. ఆపద గడచిన పిదప కూడ "నాది, నాది" యని దేవుని మరచుటయే దోషము. ఆర్తిలో నున్నదానిని విడువరాదనునది ధర్మరాజు పాఠము. ఆర్తి తీరిన వెనుక పట్టుకొని వ్రేలాడరాదనునది భరతుని పాఠము. ఇవి రెండును పరస్పరవిరుద్ధములు కావు.

ఈ రెంటిని ఒక్కచోట చూపినవాడు శ్రీరాముడే. సీతావియోగదుఃఖములో నుండియు పక్షికొరకు ఆగెను. కన్నకొడుకువలె దహనసంస్కారము జరిపెను. పిమ్మట సీతాన్వేషణమునకు సాగిపోయెను. ఆగవలసినచోట ఆగెను, సాగవలసినప్పుడు సాగెను.

వానలు వెలిసిన వెనుక మోతిని పొరుగువారికి అప్పగించి తిరుమలకు వెళ్లితిమి. వెళ్లుటకు ముందు మా తల్లిగారు వాకిట ఒక రాతితొట్టి పెట్టించి, దప్పిగొన్న వీధికుక్కలకు నీరు పోయించిరి. కరవుసీమలో అది చిన్న దానము కాదు. మన యింటి ప్రాణి బాధ పరుల ప్రాణుల బాధను గుర్తుచేసినచో, ఆ ప్రేమ బంధము కాదు, భగవత్సేవయే.