తెరమీది ఆపన్నుడు, గుమ్మమునొద్ది పొరుగువాడు

దినమంతయు కార్యాలయములో పనిచేసి ఇల్లు చేరిన ఒక గృహస్థుడు రాత్రి భోజనమైన పిమ్మట తన గదిలో కంప్యూటరు ఎదుట కూర్చుండును. బల్లమీద ఒక జాయ్‌స్టిక్కు, కాళ్లయొద్ద రెండు పెడళ్లు ఉండును. తెరమీద మంచు కప్పిన పర్వతములు, ముసురుకొని వచ్చు మేఘములు కనబడును. కొండచరియలో కాలు విరిగిన యాత్రికుడొకడు సహాయమునకై ఎదురుచూచుచున్నాడని వార్త వచ్చును. గృహస్థుడు హెలికాప్టరును లేపి, ఈదురుగాలితో పెనుగులాడి, ఆ యాత్రికుని ఎక్కించుకొని ఆసుపత్రి మేడమీద దింపును. అరచేతులకు చెమట పట్టును. గుండె వేగముగా కొట్టుకొనును. పని ముగిసిన తరువాత మేలుచేసిన వాని తృప్తితో అతడు నిద్రకు పోవును.

అయితే ఆ రాత్రి రక్షింపబడినవాడెవడును లేడు. ఏలయనగా ఆపదలో పడినవాడెవడును లేడు. కొండయు, గాలియు, గాయమును లెక్కలచేత అల్లబడిన చిత్రములే. కాని ఆ గృహస్థుని ఆతురత మాత్రము నిజమైనది. లేని మనుష్యునియెడల కలిగిన నిజమైన కనికరమునకు ఏ పేరు పెట్టవలెను? అది సద్గుణమా, సద్గుణముయొక్క నీడయా, లేక సద్గుణమునకు బదులుగా చలామణి అగుచున్న నకిలీ నాణెమా? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడినను, మనుష్యుని హృదయము దేనిచేత రూపు దిద్దుకొనునో దానిని గూర్చియే అడుగుచున్నది.

ఈ వినోదము నిన్న మొన్నటిది కాదు. ఇండ్లలోని కంప్యూటర్లకై 1979లో బ్రూస్ ఆర్ట్‌విక్ రూపొందించిన ఫ్లైట్ సిమ్యులేటరు 1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ పేరిట వెలువడెను. 2024 నవంబరులో ఆ సంస్థ వెలువరించిన కూర్పులో తప్పిపోయినవారిని వెదకి రక్షించుట, రోగులను ఆసుపత్రికి చేర్చుట, అడవిలో రగిలిన అగ్నిని ఆర్పుట మున్నగునవి వృత్తులుగానే చేర్చబడినవి. యుద్ధవిమానమెక్కి పట్టణములను ధ్వంసము చేయు ఆటలకంటె ఇది మేలైన కోరికయని ఒప్పుకొనక తప్పదు. మనుష్యుడు ఆటలో ఏమి కాగోరునో అది అతని అంతరంగమును కొంతవరకు బయలుపరచును. ఆపన్నులను కాపాడువాడు కాగోరు వానిని చూచి నవ్వరాదు.

ఆటవస్తువని ఎంచబడినది ప్రాణములను కాపాడిన సందర్భమును చరిత్రలో కలదు. అమెరికాలో పియానోలు, ఆర్గన్లు తయారుచేయు కుటుంబమునకు చెందిన ఎడ్విన్ లింక్, ఆర్గన్ తిత్తుల పనితనమునే వాడుకొని, నేలను విడువకయే విమానమువలె ఒరుగుచు తిరుగు యంత్రమును 1929 నాటికి సిద్ధపరచెను. తొలిదినములలో అది ఎక్కువగా వినోదశాలలకే అమ్ముడుపోయెను. 1934లో ఆ దేశపు సైనిక విమానదళము తపాలా మోయు బాధ్యత వహించి, మంచులోను చీకటిలోను పలువురు పైలట్లను పోగొట్టుకొనిన తరువాత, అట్టి యంత్రములను ఆరింటిని కొనెను. నాటినుండి పైలట్లు నేలమీద కూలిపోవుట నేర్చి ఆకాశములో బ్రదుకుట నేర్చుకొనుచున్నారు. కనుక అభ్యాసము వ్యర్థమనరాదు. నేర్పు అభ్యాసముచేత కలుగును. అయితే కనికరము కూడ అట్లే కలుగునా?

భక్తుడైన అగస్టీను తన ‘ఒప్పుకోలు’ గ్రంథపు మూడవ భాగములో, యౌవనకాలమున కార్తేజు పట్టణపు నాటకశాలలో తాను కార్చిన కన్నీటిని పరీక్షించి చూచుకొనెను. నాటకము చూచువాడు బాధితునికి సహాయము చేయుటకు పిలువబడలేదు, దుఃఖించుటకు మాత్రమే పిలువబడెనని ఆయన కనిపెట్టెను. అక్కడ వేదన కలుగును గాని బాధ్యత కలుగదు. సిమ్యులేటరు ఎదుట కూర్చున్నవాని సంగతి కొంత వేరు. అతడు ఊరక చూచువాడు కాడు; అతని చేతులకు పని కలదు, ఆలస్యము చేసినయెడల ఓటమియు కలదు. అగస్టీను మోపిన నేరము అతనికి పూర్తిగా తగులదు. కాని అక్కడ సహాయము చేయువాడుండెను, సహాయము పొందువాడు లేకుండెను. నాటకశాలలో సగము లోపించినట్లే ఇక్కడను మరియొక సగము లోపించుచున్నది.

ఆంగ్ల వేదాంతి జోసెఫ్ బట్లర్ 1736లో ప్రకటించిన గ్రంథములో ఈ విషయమునకు తగిన ఒక హెచ్చరిక కలదు. మనస్సులో ఊరక కలుగు స్పందనలు పదే పదే కలిగినకొలది మొద్దుబారును. క్రియలు పదే పదే చేసినకొలది అలవాటై బలపడును. సద్గుణమును గూర్చి అందమైన చిత్రములు మనస్సులో గీసికొనువాడు సద్గుణవంతుడు కాకపోగా, క్రమముగా కఠినుడు కూడ కావచ్చునని ఆయన భావము. నూరు రాత్రులు నూరుగురు యాత్రికులను తెరమీద రక్షించినవానికి నూటొకటవ ఆర్తనాదము పాతబడిన శబ్దముగా వినబడునేమో అతడే పరీక్షించుకొనవలెను. అతని చేతులలో బలపడినది హెలికాప్టరు నడుపు అలవాటు. అది మంచిదే, కాని అది కనికరమను అలవాటు కాదు.

ఈ రెంటికి గల భేదము మంచి సమరయుని దృష్టాంతములో తేటపడును. యాజకునికిని లేవీయునికిని జాలి కలుగలేదని లేఖనము చెప్పుటలేదు. వారు ప్రక్కగా పోయిరని మాత్రమే చెప్పుచున్నది. సమరయుడు ఆ దినమున ఎవనినో రక్షింపవలెనని బయలుదేరలేదు. తన పనిమీద పోవుచుండెను. గాయపడినవాడు అతని ప్రయాణమునకు అడ్డుగా వచ్చెను. నూనె, ద్రాక్షారసము, వాహనము, రెండు దేనారములు, మరల వచ్చెదనను వాగ్దానము, ఇవన్నియు అతనికి ఖర్చైనవి. తెరమీది ఆపన్నునికొరకు ఖర్చయ్యేదేమియు లేదు. పైగా ఆటలో రక్షించినవానికే జీతము, కీర్తి అంకెలలో చేరును. ఆసుపత్రి మేడమీద దింపిన వెంటనే రోగి మాయమగును. పూటకూళ్ల ఇల్లు లేదు, మరుసటి దినము లేదు. అన్నిటికంటె ముఖ్యమైన భేదమిది: తెరమీది ఆపన్నుని రక్షకుడే ఎన్నుకొనును, దారిలోని ఆపన్నుడు రక్షకుని ఎన్నుకొనును.

నిజమైన ఆకాశ రక్షణలో ఈ ఎన్నిక ఎంత భారమైనదో మన దేశమే చూచెను. 2018 ఆగస్టు 17న కేరళ వరదలలో ఆలువా ప్రాంతమున ప్రసవవేదన మొదలైన ఒక గర్భిణిని నౌకాదళ హెలికాప్టరు తాటిమీద పైకి తీసికొనెను. ఆ దినముననే ఆమెకు మగశిశువు జన్మించెను. అంతకు ఐదేండ్ల ముందు ఉత్తరాఖండ్ వరదలలో చిక్కుకొనినవారికై ఎగిరిన వైమానికదళపు మి-17 హెలికాప్టరు 2013 జూన్ 25న గౌరీకుండ్ సమీపమున కూలి 20 మంది మరణించిరి. ఇంటిలోని ఆటలో కూలినవాడు ఒక బొత్తాము నొక్కి మరల ఎగురును. ఆ ఇరువదిమందికి అట్టి బొత్తాము లేదు. అది లేదని యెరిగియే వారు ఎక్కిరి.

అట్లని ఊహ అంతయు వ్యర్థమా? ఆస్ట్రేలియా చరిత్ర దీనికి మంచి జవాబిచ్చుచున్నది. 1917లో క్లిఫర్డ్ పీల్ అను వైద్యవిద్యార్థి, యుద్ధమునకు పోవుచు, ప్రెస్బిటేరియన్ బోధకుడైన జాన్ ఫ్లిన్‌కు ఒక ఉత్తరము వ్రాసెను. వైద్యుడు లేని ఆ విశాలమైన ఎడారి ప్రాంతములకు విమానమున వైద్యమును చేర్చవచ్చునని అందులో సూచించెను. నాటికి అట్టి సేవ ఎక్కడను లేదు. అది కేవలము ఊహ. అయినను పీల్ ఖర్చులు లెక్కించెను, వేగములు అంచనా వేసెను. 1918లో అతడు ఫ్రాన్సులో యుద్ధమున మరణించెను. ఫ్లిన్ ఆ ఊహను దాచియుంచక పదేండ్లు ధనము సేకరించుచు శ్రమించెను. 1928 మే 17న క్లాంకరీ పట్టణమునుండి మొదటి వైద్యవిమానము లేచెను. మొదటి సంవత్సరమున 50 ప్రయాణములలో 225 మంది రోగులు చికిత్స పొందిరి. అంతటితో ఆగక, దూరపు పశువుల క్షేత్రములలోనివారు పిలుపు పంపుటకు ఆల్ఫ్రెడ్ ట్రేగర్ కాళ్లతో త్రొక్కి నడపు రేడియోను 1929లో సిద్ధపరచెను. రెక్కలు మాత్రమే చాలవు, చెవులును కావలెనని వారు గ్రహించిరి. ఊహ ఖర్చును లెక్కించుట మొదలుపెట్టినప్పుడు, ఇతరుల పిలుపునకు చెవియొగ్గినప్పుడు, అది కనికరమునకు బీజమగును.

మంచము విడువలేని రోగి, వృద్ధుడు, ఎన్నటికిని విమానమెక్కలేనివాడు ఈ తెరయెదుట కూర్చుండి ఆనందించినయెడల ఆ ఆనందమును ఎవరును దొంగిలింపరాదు. విశ్రాంతియు దేవుని దానమే. అట్టివారి రక్షించు కోరికను ఆయన వ్యర్థముగా ఎంచడు; హృదయమును చూచువాడు ఆయనే. అయినను కదలలేనివాడు సైతము మరియొకని మాట ఓపికగా వినగలడు, ఒంటరివానికి ఫోను చేయగలడు. చేయలేని గొప్ప కార్యమును ఆటలో చేయుట తప్పు కాదు. చేయగల చిన్న కార్యమును ఆ ఆటచేత మరచుటయే తప్పు.

కాబట్టి ఆ గృహస్థుని ఆటను తూచుటకు తగిన త్రాసు తెరమీద లేదు. హెలికాప్టరు మంచుకొండమీద నిలిచియుండగా, ప్రక్కయింటి పిల్లవాడు తలుపు తట్టి, “మామయ్యగారూ, నాయనమ్మకు ఊపిరాడుటలేదు, ఆటో దొరకుటలేదు” అని చెప్పినప్పుడు అతడు ఏమి చేయునో అదియే త్రాసు. ఆటను మధ్యలో ఆపుటకు ఒక మీట ఉన్నది. దానిని నొక్కి, చెప్పులు తొడుగుకొని, అర్ధరాత్రి వీధిలోనికి నడచినవాడు పొరుగువాడాయెను. కొండమీది యాత్రికుడు వేచియుండగలడు. ఆ ముసలితల్లి వేచియుండలేదు.