గోడ తీసేశాక

జహీరాబాద్‌లో మా పాత ఎర్రరాతి ఇల్లు తీసేసి కొత్తది కట్టుకుందామనుకున్నప్పుడు, నక్షాలో నేను మొదట కొట్టేసిన గీత వంటింటి గోడది. హాలూ వంటిల్లూ ఒకటే, మధ్యలో నడుమెత్తు గట్టు. పాతికేళ్ళు పొగలో వండినదాన్ని. హాల్లో నవ్వులు వినబడుతుంటే ఆ మాటేమిటో తెలియక, రొట్టె మాడుతుందని పెనం వదిలి లేవలేక కూర్చున్నదాన్ని. నా దృష్టిలో ఆ గోడ పితృస్వామ్యమే. అది పడిపోతే సగం పని అయిపోయినట్టే అనుకున్నాను.

అత్తమ్మ ఒప్పుకోలేదు. "మరి నేను యాడ కూసోని ఏడ్వాలె బిడ్డా?" అంది.

నవ్వులాటకు అన్నమాట కాదు. పదమూడో ఏట ఈ ఇంటికొచ్చింది. మామయ్య మాటకు ఎదురులేని ఇంట్లో మగవాళ్ళు అడుగుపెట్టని చోటు వంట అర్ర ఒక్కటే. ఆడబిడ్డలతో గుసగుసలు అక్కడే, పప్పు డబ్బాలో దాచుకున్న రూపాయలు అక్కడే. వేపాకూ బూడిదా కలిపి బుట్టల్లో దాచిన విత్తనాలూ అక్కడే. మా ప్రాంతంలో ఇది చిన్న సంగతి కాదు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని స్త్రీలు, ఎక్కువమంది దళిత స్త్రీలే, పాత చిరుధాన్యాల విత్తనాలను ఇలా ఇళ్ళల్లో దాచే కాపాడారు. ఆ పనికి 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది. నేను జైలు అనుకున్న చీకటిగది ఇంకొకరికి ఖజానా.

అప్పుడు వంటిళ్ళ గురించి చదవడం మొదలుపెట్టాను. మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ 1926లో ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుల ఇళ్ళకోసం ఒక వంటిల్లు గీసింది. గృహిణి వేసే ప్రతి అడుగునూ లెక్కబెట్టి, చాకిరీ తగ్గించాలనే గీసింది. వెడల్పు రెండు మీటర్లు కూడా లేదు, పొడవు మూడున్నర మీటర్ల లోపే. అడుగులు తగ్గాయి. కానీ ఆ గదిలో రెండో మనిషి నిలబడి పనిచేయడానికి చోటు మిగల్లేదు. అంటే వండేది ఒక్కరేనని, అది ఆడదేనని నక్షాయే తేల్చేసింది. ఆ గది గీసేనాటికి తనకు వంట చేసే అలవాటే లేదని ఆమే తర్వాత చెప్పుకుంది. నాకు అలవాటుంది కదా, నేనైనా సరిగ్గా గీశానా?

గోడ లేని వంటింట్లోకి వచ్చాం. ఇదివరకు చాయ్ కావాలంటే మా ఆయన గొంతెత్తి పిలవాల్సి వచ్చేది. ఇప్పుడు సోఫాలోంచి ఒక చూపు చాలు. చుట్టాలొస్తే పోపు వేస్తూ ముఖం నవ్వుతూ పెట్టుకోవాలి, గట్టు మీద ఎంగిలి గిన్నె ఉండకూడదు. వంటతోపాటు వండడాన్ని చూపించే పని కూడా నామీద పడింది. అలాగని వెలుతురూ, మాటల్లో కలవడమూ వదులుకోమంటే మాత్రం వదులుకోను.

అత్తమ్మకోసం వెనక చిన్న స్టోర్ గది కట్టించాం. గడియ లోపలివైపు.

నేను లెక్కలోకే తీసుకోనిది వేరే ఉంది. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆమె దళితురాలు. ఇన్నేళ్ళూ పెరట్లో తోమి గడప బయట పెట్టి వెళ్ళేది. ఆ గోడ నన్ను లోపల ఉంచిందనే తలచాను గానీ, ఆమెను బయట ఉంచిందని ఏనాడూ తలచలేదు. కొత్తింట్లో మొదటిరోజు ఆమె హాలు మధ్యలో ఆగిపోయింది. "యాడిదాంక రావాలమ్మా?" అని అడిగింది.

స్త్రీవాదం గురించి ఇన్ని మాటలు రాసిన నేను నక్షా గీస్తున్నప్పుడు ఆ ప్రశ్న వేసుకోలేదు. "లోపలికి రా, సింకులోనే తోము" అన్నాను. వచ్చింది. అత్తమ్మ ఏమీ అనలేదు. తెల్లారి చూస్తే మంచినీళ్ళ బిందె గట్టుకు అవతల, స్టోర్ గది పక్కకు చేరింది.

అప్పటినుంచి బిందె అక్కడే ఉంది. నిన్న ఆమె నీళ్ళడిగితే నేనే లేచి ముంచి ఇచ్చాను. "ముంచుకో" అనలేదు. స్టోర్ గది తలుపు తెరిచే ఉంది, అత్తమ్మ చూస్తోంది.