హింసాత్మక క్రీడలు - మన నైతిక దృష్టి

యుక్తవయస్సులోని పిల్లలు హింసాత్మకమైన వీడియో గేములు ఆడవచ్చునా? ఖైరతాబాద్ నుంచి పంజగుట్ట మీదుగా అమీర్‌పేట దాకా, హాస్టళ్ళూ కోచింగు సెంటర్లూ కిక్కిరిసిన వీధుల్లో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువుంది. ఇక్కడ చదువుకునే పిల్లల్లో చాలామందికి మిగిలిన ఆటస్థలం చేతిలోని ఫోనే.

ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు జవాబులు వస్తున్నాయి. తెరమీద చంపడం మరిగినవాడు రేపు వీధిలో చంపుతాడు, కనుక నిషేధించాలని కొందరంటారు. ఆట ఆటే, అందులో నీతి వెతకడం చాదస్తమని మరికొందరంటారు. రెండు వాదాలూ సమస్యను సగమే చూస్తున్నాయి.

మొదటి వాదానికి శాస్త్రం బలం చేకూర్చడం లేదు. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 14, 15 ఏళ్ళ బ్రిటిష్ పిల్లలను వెయ్యిమందికి పైగా పరిశీలించి, ఈ క్రీడలకూ దుడుకు ప్రవర్తనకూ సంబంధం కానరాలేదన్నారు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అరవడం, నెట్టడం వంటి దురుసుతనంతో స్వల్ప సంబంధం వుందని ఒప్పుకుంటూనే, నిజమైన హింసకు వీటిని కారణంగా చూపడానికి ఆధారం చాలదని 2020లో ప్రకటించింది.

మరి మన అనుభవం ఏమి చెబుతున్నది? 2019 ఏప్రిల్ మొదట్లో మల్కాజ్‌గిరిలో ఒక పదవ తరగతి బాలుడు, పరీక్షల రోజుల్లో పబ్జీ ఆడుతున్నాడని ఇంట్లో మందలించగా ప్రాణం తీసుకున్నాడు. అదే నెల 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాయి. మార్కుల నమోదులో తప్పులు దొర్లాయి. ఇరవైమందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని పత్రికలు రాశాయి. ఏ ఆత్మహత్యకూ ఒక్కటే కారణం వుండదు. కాని రెండు విషాదాలలోనూ పరీక్ష వుంది, ఆట ఒకదానిలోనే వుంది. అయినా నిషేధం మాట ఆటవైపుకే తిరిగింది.

ఆ నిషేధం వచ్చింది కూడా. 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వం పబ్జీతో సహా 118 యాప్‌లను నిలిపివేసింది. చూపిన కారణం దేశ సార్వభౌమత్వం, భద్రత. పిల్లల మనస్సు కాదు. మరుసటి ఏడే అదే ఆట కొత్త పేరుతో తిరిగి వచ్చింది. 2025 నాటి చట్టమైతే డబ్బు ఒడ్డి ఆడే ఆటలను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహించ పూనుకున్నది. డబ్బు పోతే నష్టం, పిల్లవాడి కాలం పోతే నష్టం కాదన్నమాట! కాని ఆ కాలమే కంపెనీకి సరుకు.

ఇక రెండవ వాదం. మన కథల్లో మాత్రం హింస లేదా అని అడగవచ్చు. కారెంపూడిలో ఏటా పల్నాటి వీరులను కొలుస్తారు. ఆ కథనిండా నెత్తురే. కాని బాలచంద్రుడు నేలకొరిగితే వినేవాడి కన్ను చెమరుస్తుంది. అతనికి పేరుంది, తల్లి వుంది, ఆలి వుంది. పబ్జీలో నూరుగురు దిగుతారు, ఒకడో ఒక జట్టో మిగులుతుంది. పోయినవారికోసం శోకించే చోటే అందులో లేదు. అక్కడ ఎదుటివాడు మనిషి కాదు, గురి మాత్రమే.

అయితే ఈ నీతిని పిల్లవాడు ఆటలోనే నేర్చాడా? అందరినీ వెనక్కి నెట్టినవాడే బతికినవాడని ర్యాంకుల పట్టిక అతనికి ముందే నేర్పింది. పైగా ఆటలో మరొకటి కూడా వుంది: నలుగురు జట్టుకట్టి, పడిపోయిన తోడివాణ్ణి లేపుకుంటారు. హాస్టలు గదిలో ఒంటరిగా వున్నవాడికి ఆ స్నేహం చిన్నది కాదు. కోచింగు గదిలో అదీ కరువే.

కాబట్టి పెరుగుతున్న పిల్లలు ఈ ఆటలు ఆడటమే పాపమని మనం అనలేము. వాటిని వారికి వదిలేసి చేతులు దులుపుకోనూ లేము. చైనా 2021లో పద్దెనిమిదేళ్ళలోపు వారికి శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవు రోజుల్లోనూ గంట చొప్పున మాత్రమే అనుమతించింది. గడియారం కాలాన్ని కోయగలదు. మిగిలిన కాలాన్ని దేనితో నింపాలో చెప్పలేదు.

అది చెప్పవలసినవారు ఉపాధ్యాయులు, విద్యార్థి సంఘాలు. కావ్యాన్ని చర్చించినట్టే ఈ ఆటలనూ తరగతిలో చర్చకు పెట్టాలి: ఎవరు ఎవరిని చంపుతున్నారు, లాభం ఎవరిది అని పిల్లలచేతనే అడిగించాలి. దానితోపాటు ఆడుకోను మైదానం కోసం, చదువుకోను గ్రంథాలయం కోసం, ఊపిరి తిరిగే పరీక్షావిధానం కోసం పోరాడాలి. అవి ఇవ్వకుండా ఫోను ఒక్కటీ లాక్కుంటే, పిల్లవాడికి మనం నేర్పేది బలవంతుడిదే పైచేయి అన్న పాఠమే. ఆ పాఠం అతనికి ఆటలోనూ దొరుకుతున్నది.