మొదటి 15 మోకాళ్ళు

వెయ్యిమందిని చంపితేగానీ వైద్యుడు కాడని సామెత. మనం నవ్వేసి వదిలేసే ఈ మాటకి ఫిన్లాండ్‌లో లెక్క కట్టారు. ఒక ఆసుపత్రి మోకాలి మార్పిడికి కొత్త మోడల్ ఇంప్లాంట్ వాడటం మొదలుపెడితే, మొదటి 15 మందికి తొందరలోనే మళ్ళీ ఆపరేషన్ అవసరమయ్యే ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లని 2012లో వచ్చిన అధ్యయనం తేల్చింది. ఇది కత్తి పట్టడం నేర్చుకుంటున్న కుర్ర డాక్టర్ల కథ కాదు. అప్పటికే మోకాళ్ళు మారుస్తున్న ఆసుపత్రులవి. మోడల్ మారితే పనిముట్లు మారతాయి, ఎముక కోసే కొలతలు మారతాయి, అవి అందించే నర్సు కూడా మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాలి.

మా సాఫ్ట్‌వేర్‌లో కొత్త వెర్షన్‌ని ముందు కొద్దిమందికే వదులుతాం. వాళ్ళకి చెప్పం. తేడా వస్తే పాతదానికి వెళ్ళిపోతాం. కోసిన ఎముకకి ఆ సదుపాయం లేదు. మరి ఆ 15 మందికి ముందే చెప్పొద్దా?

చెబితే ఎవరూ ఒప్పుకోరు, ఇక వైద్యం ముందుకెళ్ళేదెలా అంటారు. అతుల్ గవాండే 2002లో న్యూయార్కర్ పత్రికలో రాసిన 'ది లెర్నింగ్ కర్వ్'లో ఈ చిక్కుని దాచుకోకుండా ఒప్పుకుంటాడు. తన కొడుకు గుండె జబ్బుకి మాత్రం శిక్షణలో ఉన్న డాక్టర్ని కాదని సీనియర్నే ఎంచుకున్నాడు. ఎంచుకునే వీలు అందరికీ లేనప్పుడు ఎవరికీ లేకపోవడమే మేలేమో అన్నది అతను చేరిన చోటు.

నేను అక్కడ సగమే ఆగగలను. కొత్త డాక్టర్లు నేర్చుకోకపోతే రేపు డాక్టర్లే ఉండరు. ఆ అప్పు తప్పనిది, అందరం పంచుకోవాల్సిందే. కానీ చెయ్యి తిరిగిన సర్జన్ బాగా పనిచేస్తున్న మోడల్ని వదిలి ఇంకోదానికి మారడం తప్పనిసరి కాదు. కొత్తది నిజంగా మెరుగైతే తర్వాతి వేలమందికి లాభం. పాతదానితో సమానమే అయితే, ఆ 15 మంది నొప్పి ఎవరికోసం?

మన ఇళ్ళలో అమ్మమ్మల మోకాళ్ళ గురించి డాక్టర్ని రెండే అడుగుతాం: ఎంతవుతుంది, ఎప్పటికి నడుస్తుంది? "ఈ మోడల్ మీరు ఇప్పటికి ఎన్ని వేశారండీ? పాతది ఎందుకు మార్చారు?" అని అడగం. అడగడం తెలిసినవాళ్ళు తప్పించుకుంటే, వాళ్ళ వంతు తెలియనివాళ్ళ మీద పడుతుంది. అందుకే ఆ జవాబు, రోగి అడిగేదాకా ఆగకుండా, సర్జన్ నోటి నుంచే ముందు రావాలి. చెబితే ఎవరూ ఒప్పుకోని మార్పైతే, ఆ మార్పుకి కారణం చాలదని అర్థం.