తమ కాలము నెరిగిన పక్షులు
(యిర్మీయా 8:7)

క్రిస్మసు పండుగ గడచిన వారము తెల్లవారుజామున, సూర్యాపేటకు చేరువ, సోలిపేటయొద్ద మూసీ జలాశయపు గట్టున సంఘపెద్ద ఒకరితో నడచితిని. 1963లో పూర్తియైన ఆనకట్ట అది. మన పొలములు దాని నీటనే పండుచున్నవి. మంచు విడిపోగానే సూదితోక బాతులు గుంపులుగా కనబడెను. మగవాటి తోక నిజముగా సూదివలెనే యుండును. సైబీరియా చెరువులు గడ్డకట్టకముందే బయలుదేరి, హిమాలయములు దాటి, శీతకాలమున మనయొద్ద దిగును. ఎండలు ముదురకమునుపే మరలిపోవును. ఆడబిడ్డ పుట్టింటికి వచ్చిపోయినట్లే!

“వీటికి కబురు పంపినదెవరు, అయ్యగారూ?” అని పెద్ద అడిగెను.

కొంగయు గువ్వయు తమ వేళ నెరుగుచుండగా, తన జనులే తన న్యాయము నెరుగకపోయిరని దేవుడు యిర్మీయా ద్వారా దుఃఖపడిన సంగతి చెప్పితిని. ఆయన నిలిచిపోయెను. నీటి వంతు తగవువలన తమ్మునితో మాటలాడి మూడేండ్లాయెను. ఒకరు వచ్చిన ఆదివారము మరియొకరు ప్రభువు బల్లయొద్దకు రారు. నేనెరిగియు ఊరకుంటిని, ఆ తప్పు నాది.

“ఆలస్యము చేసిన పిట్ట మంచులోనే చచ్చును గదా” అని ఆయన మెల్లగా అనెను.

ఇంటి దారి విడిచి తమ్ముని పొలమువైపు తిరిగితిమి. అతడు మడవ కట్టుచుండెను. మమ్మును చూచి, పార నేలనుంచి, గట్టెక్కెను.